మోళ్ల మీద పిలకలు

2025 జనవరిలో మా జామాయిల్ (యూకలిప్టస్) తోట కొట్టించాం. మూడు వారాలు తిరక్కుండానే మోళ్ల చుట్టూ ఎర్రటి చిగుళ్లు గుత్తులు గుత్తులుగా లేచాయి. అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే పంచాయితీ. ఆ పిలకలు ఉంచాలా, విరిచేయాలా?

మాది సత్తుపల్లి దగ్గర. ఆరెకరాల ఎర్రచెలక, పట్టా భూమి. అందులో వాగువైపు వాలుగా ఉన్న రెండెకరాలు ఏ పంటకూ లొంగలేదు. నాన్న చిన్నప్పుడు అక్కడ నల్లమద్ది, తునికి, మొర్రి, ఇప్ప ఉండేవట. పొయ్యిల్లోకి కొంత, ఇటుక బట్టీలకు కొంత పోయాయి. నాకు ఊహ తెలిసేసరికి మిగిలింది మోదుగ పొదలు, గులకరాళ్లు, వానకు కోసుకుపోయిన గండ్లు.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. ఆ రెండెకరాల్లో మళ్లీ అడవి చెట్లు పెడదామని ఎప్పటి నుంచో పోరుతున్నాను. నాన్న ప్రతిసారీ ఒకటే అడిగేవాడు. "గుంతకెంత, మొక్కకెంత, మూడేళ్లు కలుపు కూలికెంత? అదంతా ఇప్పచెట్టు కడుతుందా అమ్మాయ్?" నా దగ్గర జవాబు ఉండేది కాదు.

2020 లాక్‌డౌన్‌లో బడి మూసేసినప్పుడు జవాబు బ్రెజిల్ నుంచి దొరికింది. అక్కడి అట్లాంటిక్ అడవిని చెరకుకు, కాఫీకి, పశువుల మేతకు నరుక్కుంటూ పోగా మిగిలింది కొంచెమే. 2012 నాటి వాళ్ల అటవీ చట్టం ప్రకారం ఆ ప్రాంతంలో పెద్ద రైతులు తమ భూమిలో 20 శాతం అడవిగా ఉంచాలి. లేకపోతే పెంచాలి. పెంచేటప్పుడు సగం వరకు బయటి జాతుల చెట్లు కలుపుకోవచ్చు. సావో పాలో విశ్వవిద్యాలయానికి చెందిన పెద్రో బ్రాంకాలియన్, ఆయన తోటి పరిశోధకులు ఆ వెసులుబాటును పట్టుకుని యూకలిప్టస్‌నూ స్థానిక చెట్లనూ కలిపి నాటి చూశారు. నాలుగైదేళ్లకు యూకలిప్టస్ కొట్టి అమ్మితే, అడవిని నిలబెట్టడానికి పెట్టిన ఖర్చులో 44 నుంచి 75 శాతం దాకా తిరిగొచ్చింది. పక్కనున్న స్థానిక మొక్కలు కొంత నెమ్మదిగా పెరిగాయి. ఆ సంగతి కూడా వాళ్లు దాచకుండా రాశారు. అందుకే నాకు నమ్మకం కుదిరింది.

"జామాయిల్ కూలికొచ్చిన మనిషి లాంటిది. కష్టపడి, డబ్బిచ్చి వెళ్లిపోతుంది" అని నాన్నకు చెప్పాను. "వెళ్లిపోతుందా?" అన్నాడు. అప్పుడు ఆ మాటను పట్టించుకోలేదు.

మా దిక్కు జామాయిల్ కొత్తదేం కాదు. సారపాకలో పేపర్ మిల్లు ఉంది, క్లోన్ మొక్కలు నర్సరీల్లో దొరుకుతాయి, కర్ర కొట్టే ముఠాలున్నాయి. ఇంకో సంగతి కూడా ఉంది. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. జామాయిల్, సరుగుడు, సుబాబుల్ లాంటి వాటికి ఆ బాధ లేదు. అదే మన చేలో మనం పెంచిన టేకు కొట్టాలంటే అర్జీ పెట్టుకుని తిరగాలి. అడవి చెట్టును కాపాడాలని పెట్టిన నిబంధనే రైతును అడవి చెట్టుకు దూరం చేస్తోందని నా అభిప్రాయం. గట్టున మొలిచిన మద్ది మొక్కను వేలెడంత ఉన్నప్పుడే పీకేసేవాళ్లు మా ఊళ్లో చాలామందే ఉన్నారు.

ఆ జూలైలో నాటాం. వరుసల మధ్య మూడు మీటర్లు, మొక్కల మధ్య రెండు. ఒక వరుస జామాయిల్, ఒక వరుస మనవి: నేరేడు, కానుగ, ఉసిరి, తాని, నల్లమద్ది, ఇప్ప, వాగు అంచున ఏరుమద్ది. రెండు రకాలూ చెరో 670 దాకా పట్టాయి. బ్రెజిల్ వానలు మనకు లేవు. మనకు నాలుగు నెలలు కురిసి ఎనిమిది నెలలు ఎండుతుంది. రెండో వేసవికి ఉసిరి సగం పోయింది. తాని, కానుగ మాత్రం మొండికేసి నిలబడ్డాయి. జామాయిల్ వేళ్లు నీళ్లు లాగేస్తున్నాయని నాన్న గొణిగాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అసలు వాగుకు అంత దగ్గరగా ఆ వరుసలు పెట్టించడం నా తప్పే.

కొట్టడానికి ముందురోజు రాత్రి నాన్న పాత పంచె ఒకటి చింపి పీలికలు చేశాడు. బతికున్న ప్రతి అడవి మొక్కకూ ఒకటి కట్టుకుంటూ వెళ్లాం. 400 పైనే కట్టాం. చెట్టును వరుస వెంబడే పడేయాలని ముఠా మేస్త్రికి పదిసార్లు చెప్పాను. అయినా ముప్ఫై దాకా విరిగాయి. మధ్యాహ్నానికి చేనంతా ఒలిచిన తొక్క. చెమటతో కలిసి ఆ తైలం వాసన రెండు రోజులు ఒంటిని వదల్లేదు.

తొక్క ఒలవడానికి వచ్చిన ఒక కోయ అవ్వ జామాయిల్ వరుసలో వంగి ఆకులు పక్కకు తీసింది. మోకాలెత్తు తునికి పిలకలు. "ఇయ్యి మీరు పెట్టినయి కావు బిడ్డా. కింద పాత వేరుంది" అంది. అక్కడ తునికి చెట్టు కొట్టి ఎన్నేళ్లయిందో నాన్నకే గుర్తు లేదు.

కాటా చీటీ చూసుకుంటే మా ఖర్చులో సగం దాటి కాస్త వచ్చింది. బ్రెజిల్ లెక్కకు దగ్గరే.

ఇక పిలకల గొడవ. జామాయిల్‌ది చెరకు కార్శి తోట లాంటి వ్యవహారం, కొట్టాక మొదలు నుంచే మళ్లీ లేస్తుంది. మొక్క కొననక్కర్లేదు, గుంత తీయనక్కర్లేదు, మోడుకు ఒకటో రెండో పిలకలు ఉంచితే నాలుగేళ్లకు ఇంకో కోత చేతికొస్తుంది. వాటిని ఉంచామా, వేరు ముందే పాతుకుని ఉంది కాబట్టి మొదటిసారి కంటే వేగంగా లేచి తానిని, మద్దిని మళ్లీ నీడలోకి నెట్టేస్తాయి. ఇది నాటేటప్పుడే ఆలోచించాల్సిన విషయం. నాలుగు కాగితాలు చదివి నేను నాటడం దాకే ఆలోచించాను. ఊరికే వచ్చే పంటను చేత్తో విరవడం డెబ్భై ఒక్కేళ్ల రైతుకు ఎంత కష్టమో ఏ కాగితంలోనూ రాయలేదు.

చివరికి ఒప్పందం కుదిరింది. వాగువైపు సగం అడవికి, పైన గట్టువైపు సగం ఇంకో కోతకు. వాగువైపు మోళ్లకు పదిహేను రోజులకోసారి పిలకలు విరుస్తున్నాం. గొడ్డలి అక్కర్లేదు, లేతగా ఉన్నప్పుడు బొటనవేలితో నొక్కితే పుటుక్కున ఊడొస్తాయి. పది రోజులకే మళ్లీ వస్తున్నాయి.

మొన్న ఆదివారం నాన్న నాకంటే ముందే చేలోకి వెళ్లాడు. వాగువైపు మూడు వరుసలు పూర్తి చేసేశాడు. చూస్తే నాలుగు మోళ్ల మీద నిటారు పిలకలు అలాగే ఉన్నాయి. ఇదేంటి నాన్నా అంటే, "పందిరికి గుంజలొద్దా?" అన్నాడు.