ఒక్కదాన్నే వెళ్తానంటోంది

మా పాపకి ఏడేళ్లు. మొన్న స్కీయింగ్‌కి, అంటే కాళ్లకి స్కీలనే పొడవాటి పలకలు కట్టుకుని మంచు వాలు మీద జారడానికి, వెళ్లినప్పుడు "నాన్నా, ఈసారి నేనొక్కదాన్నే వెళ్తా" అంది. వెంటనే వద్దనేశాను, కానీ రాత్రంతా అదే ఆలోచన.

నా లెక్కలో వయసు కంటే ముందు చూడాల్సింది, ఆగడం వచ్చా రాదా అన్నది. స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టి వేగం తగ్గించడం తేలిక వాలు మీద పిల్లలకి త్వరగానే వస్తుంది, కానీ మంచు గట్టిపడి గాజులా ఉన్నప్పుడు, పక్కనుంచి ఎవరో దూసుకుపోతుంటే కూడా ఆగగలదా అన్నది వేరే సంగతి. అంతర్జాతీయ స్కీ సమాఖ్య పెట్టిన 10 నియమాల ప్రకారం వెనక నుంచి వచ్చేవాళ్లే ముందున్నవాళ్లని చూసుకుని వెళ్లాలి. అందరూ పాటిస్తారని నేను ధీమాగా ఉండలేను.

వాలు పైకి తీసుకెళ్లే చెయిర్‌లిఫ్ట్, అంటే తీగకి వేలాడే కుర్చీలు, మాత్రం ఇప్పుడే ఒంటరిగా వద్దు. కూర్చున్నవాళ్లు పడిపోకుండా పైనుండే కడ్డీని కిందికి దించడానికి పాప వేళ్ల కొసల దాకా చెయ్యి చాచింది, అయినా అందలేదు.

అందుకే ఇలా మొదలుపెట్టాం: బాగా అలవాటైన ఒకే వాలు, తను ముందు, 20 అడుగుల వెనక నేను. మలుపు దగ్గర, పైనుంచి వచ్చేవాళ్లకి కనపడేలా, ఓ పక్కకి ఆగాలి. నిన్న నేను అరవకుండానే ఆగింది, వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. ఈసారి నేను కింద నిలబడి చూస్తాను.