క్వాంటైజ్ బటన్ మీద కోపం

ఈయన ఎప్పుడో పడుకున్నారు, నాకే నిద్ర పట్టట్లేదు, మళ్ళీ ఆ క్వాంటైజ్ గొడవే, అదే, వాయించిన దెబ్బల్ని కంప్యూటర్‌లో తాళం గీతల మీదకి జరిపేసే బటన్. ఇవాళ ఎయిత్ క్లాస్‌లో ఒకడు గ్యారేజ్‌బ్యాండ్ (మ్యూజిక్ రికార్డ్ చేసే యాప్) తెరిచి మ్యాక్ కీబోర్డ్ మీదే డ్రమ్స్ వాయించాడు, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) సరిగ్గా తాళం చెప్పే క్లిక్ మీద, స్నేర్ (పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్) మాత్రం ప్రతిసారీ వెంట్రుకవాసి వెనకాల. ఎంత బాగుందో! ఎవరూ నేర్పింది కాదు, వినీ వినీ చేతికి పట్టుబడింది. పక్కవాడు చెయ్యి చాపి క్వాంటైజ్ నొక్కేశాడు. నోట్లన్నీ ఒక్కసారి గీతల మీదకి జరిగిపోయి బీట్ చప్పబడిపోయింది. "ఇప్పుడు కరెక్ట్ కదా మేడమ్" అంటాడు. ఏం కరెక్ట్?

మా అన్నయ్య పాటలు విని నేర్చుకోడానికి గిటార్ పట్టుకుని కూర్చుంటే టేప్ రికార్డర్‌లో రివైండ్, ప్లే నొక్కడం నా డ్యూటీ. బ్యాటరీలు నీరసపడితే పాట మొత్తం శ్రుతి దిగిపోయేది, దానికి తగ్గట్టు తీగలు వదులు చేసేవాడు, కొత్తవి వేశాక మళ్ళీ అన్నీ బిగించుకోవడం. చరణం ముందొచ్చే చిన్న బిట్ కోసం సాయంత్రమంతా అయిపోయేది. నొటేషన్ లేదు, చెప్పేవాళ్ళు లేరు, దెబ్బ ఎక్కడ ఆగి పడుతోందో చెవే పట్టుకోవాలి. అందుకే ఆ బటన్ చూస్తే ఒళ్ళు మండుతుంది.

దీనికి తోడు స్కూల్‌లో కొన్న బ్లూటూత్ హెడ్‌ఫోన్స్. అలాంటి వాటిలో సౌండ్ 100 మిల్లీసెకన్లు దాటి లేటవడం మామూలే, టెంపో 120 (నిమిషానికి 120 బీట్లు) పెడితే బీట్‌లో పావు వంతు, అంటే ఒక గడి, 125 మిల్లీసెకన్లే. పిల్లలు విన్న క్లిక్‌కి సరిగ్గానే కొడతారు, రికార్డయ్యేది పక్క గడి దగ్గర, క్వాంటైజ్ దాన్ని ఆ పక్క గడిలోనే పడేస్తుంది. తప్పు పిల్లలదా? వైర్‌వి కొనండి అంటే "తెంపేస్తారండీ" అంటారు.

ఇంత తిట్టాక గుర్తొస్తోంది, అటెండెన్స్‌కి కూడా గొంతు వినపడని ఆ వెనక బెంచీ అమ్మాయి, క్వాంటైజ్ చేసుకున్నాకే స్పీకర్‌లో పెట్టమని అడిగింది. క్లాసంతా విన్నారు. ఆ బటన్ లేకపోతే అడిగేదా? అసలు 1980లో రోజర్ లిన్ ఎల్ఎమ్-1 డ్రమ్ మెషీన్‌లో దెబ్బల్ని సరిచేసే ఏర్పాటుతో పాటే స్వింగ్ కూడా పెట్టాడు, అంటే కొన్ని దెబ్బల్ని కావాలనే కాస్త ఆలస్యం చేసేది. గ్యారేజ్‌బ్యాండ్‌లోనూ స్ట్రెంగ్త్ స్లైడర్ ఉంది, 50కి లాగితే నోటు సగం దూరమే జరుగుతుంది. పిల్లలకి అది చూపించే తీరిక ఎవరికీ లేదు, బటన్ మాత్రం చూపిస్తాం.

రేపు ముందు ట్రాక్ కాపీ చేయించి, రెండూ వినిపించి, ఏది ఉంచుకుంటారో వాళ్ళనే అడుగుతా. అన్నీ గీత మీదే కావాలంటే సరే, కానీ విన్నాక చెప్పాలి.