జాంబెజి దాటి కసానెకు

అనంతపురం నుంచి బెంగళూరు పోవాలన్నా మా ఆయన తెల్లారుజామునే లేపుతాడు. జాంబియాలోని లివింగ్‌స్టన్ నుంచి బోట్స్వానాలోని కసానెకు పోయే రోజు ఊరుకుంటాడా! దూరం వంద కిలోమీటర్లు కూడా లేదు.

కజుంగుల దగ్గర జాంబెజి నది మీద 923 మీటర్ల వంతెన ఉంది. 2021లో తెరిచారు. అంతకుముందు లారీలన్నీ పంటు మీదే దాటాలి, ఎదురుచూపులు రోజుల తరబడి. వంతెన తిన్నగా లేదు, జింబాబ్వే హద్దు తగలకుండా వంపు తిప్పి కట్టారు. నాకైతే కసానె ఏనుగుల కంటే ఈ వంపే నచ్చింది.

బోట్స్వానా వైపు దిగగానే బూట్లు మందు నీళ్లలో తడపమన్నారు, పశువులకు గాలికుంటు రోగం రాకుండా. మా ఆయన పశువైద్య శాఖలో రిటైరయిన మనిషి కదా, ఒకటే సంబరం. బ్యాగులో ఉన్న నా చెప్పులు కూడా తీసి ముంచేశాడు! సాయంత్రం దాకా తడి చెప్పులే.

రాత్రి కసానెలో తెల్ల జొన్నపిండి అనుకున్నది మొక్కజొన్న సంగటి. పక్కన సెస్వా, అంటే ఉప్పేసి ఉడికించి దంచిన మాంసం. కారం లేదు. ఇంటి నుంచి తెచ్చిన శెనక్కాయల పొడి చల్లుకున్నాం. వడ్డించే అమ్మాయి కూడా చిటికెడు అడిగి తీసుకుని, గ్లాసు నీళ్లు తాగేసి, మళ్లీ చెయ్యి చాపింది.