పన్నెండంటే దోసె, బంగాళదుంపంటే పాప

ఊరి పేరే తప్పుగా పలుకుతూ ఊళ్ళో దిగాను. మా ఆయనకి మెక్సికోలో ప్రాజెక్టు అన్న రోజు నుంచి చుట్టాలందరికీ ‘గ్వాడలజారా వెళ్తున్నాం’ అని చెప్పుకున్నాను. ఎయిర్‌పోర్టు నుంచి వస్తుంటే టాక్సీ డ్రైవర్ ‘గ్వాదలహారా’ అన్నాడు. డ కాదు ద, జ కాదు హ.

మర్నాడే ఫోన్లో వీడియోలు పెట్టుకుని, ఇంగ్లీషు స్పెల్లింగు చూస్తూ పుస్తకంలో స్పానిష్ అంకెలు రాసుకున్నాను: క్వాట్రో (నాలుగు), సియెటె (ఏడు), ట్రెయింటా (ముప్ఫై). పక్కింటి పెద్దావిడ దగ్గర అప్పజెప్పితే ఆవిడ నవ్వి, నోరు తెరిచి, నాలుక కొస పైపళ్ళకి ఆనించి చూపించింది. అది మన త! ‘తాత’లో త, ‘దారి’లో ద. ఇన్నాళ్ళూ ఇంగ్లీషు మీదుగా తిరిగి వెళ్తున్నానన్నమాట. ఆ రాత్రి పుస్తకంలో ట అన్న చోటల్లా కొట్టేసి త రాశాను. క్వాత్రో, సియేతె, త్రేయింత. సగం టెన్షన్ అక్కడే పోయింది.

అచ్చులు మనకి పెద్ద ఇబ్బంది కాదు. అ, ఎ, ఇ, ఒ, ఉ, ఐదే. ఎక్కడ కనిపించినా అదే పలుకు. హెచ్ అక్షరం రాస్తారు కానీ పలకరు, ‘ఓలా’ అంటే నమస్కారం. వి, బి రెండూ బ లాగే వినిపిస్తాయి కాబట్టి ఇరవై ‘బేయింతె’. అమెరికన్లు నెలల తరబడి కుస్తీ పట్టే ర్ర మనకి గుర్రంలో, బుర్రలో ఉండనే ఉంది. ‘పెరో’ అంటే ‘కానీ’, ‘పెర్రో’ అంటే కుక్క. ఒక్క ర్ర దగ్గరైనా మనం గర్వపడొచ్చు.

పదకొండు నుంచి పదిహేను దాకా మాత్రం బట్టీ పట్టాల్సిందే: ఓన్సె, దోసె, త్రేసె, కతోర్సె, కీన్సె. అవును, పన్నెండు దోసె. (స్పెయిన్లో చాలాచోట్ల ఆ సె ని నాలుక పళ్ళ మధ్య పెట్టి పలుకుతారట కాబట్టి వాళ్ళకి ఈ దోసె భాగ్యం లేదు.) పదహారు నుంచి మన లెక్కే. పది, ఆరు కలిస్తే పదహారు అయినట్టు దియేస్, సెయిస్ కలిసి ‘దియెసిసెయిస్’. మన తొమ్మిది తొంభై దగ్గర రూపు మార్చుకున్నట్టే వాళ్ళ ‘నుయేబె’ కూడా ‘నొబెంత’ అవుతుంది. లక్షకి మాట లేదు, ‘సియెన్ మిల్’, వంద వేలు అనాలి.

వారంలో వంద దాకా గడగడా చెప్పేశాను. చెప్పడం వేరు, వినడం వేరని తియాంగిస్‌లో తెలిసింది. తియాంగిస్ అంటే మన సంతే, వారానికో రోజు వీధిలో గుడారాలు వేసి అమ్ముతారు. ఆ మాట స్పానిష్ కంటే ముందు నుంచి ఉన్న నావాత్ల్ భాషది. అక్కడ అందరూ నన్ను ‘గ్వెరీతా’ అని పిలుస్తుంటే పొంగిపోయాను. తెల్లపిల్లా అని అర్థమట. నా రంగు చూసి కాదు, కొనడానికి వచ్చిన ఆడవాళ్ళందరినీ అలాగే పిలుస్తారు.

మొదటి దెబ్బ బంగాళదుంపల దగ్గర. ‘పపా’ ఒక కిలో ఇమ్మన్నాను, చివర సాగదీసి. బండి దగ్గరున్న ఇద్దరూ పగలబడి నవ్వారు. ‘పపా’ అంటే నాన్న. మనం పాపని పిలిచినట్టు మొదట్లో ఒత్తి ‘పాప’ అంటే బంగాళదుంప. రాతలో చివరి అ మీద చిన్న గీత ఉంటే అక్కడ ఒత్తాలి. ఆ గీతని అప్పటిదాకా అలంకారం అనుకున్నాను.

రెండోది మామిడిపళ్ళ దగ్గర. అతను ‘సెతెంత’ అన్నాడు, నేను మూడు ఇరవైలు ఇచ్చాను. చెయ్యి చాపే ఉంచి మళ్ళీ ‘సెతెంత’ అన్నాడు. కొత్తదాన్నని మోసం చేస్తున్నాడనుకుని నేనూ మొహం ముడుచుకున్నాను. చివరికి కాలిక్యులేటర్ మీద 70 కొట్టి చూపిస్తే సిగ్గేసింది. అరవై సెసెంత, డెబ్భై సెతెంత. పక్కింటావిడ చెప్పిన ఉపాయం ఇది: ఆరు ‘సెయిస్’ చివర స ఉంది, అరవై మధ్యలోనూ స. ఏడు ‘సియేతె’లో త ఉంది, డెబ్భైలోనూ త. అప్పటికీ అనుమానమైతే ‘సెయిస్ ఓ సియేతె?’ ఆరా ఏడా అని అడిగేయడమే.

ఆ పక్క వరుసలో ఒకరోజు గోనెసంచిలో ఎర్రగా ఎండినవేవో కనిపించాయి. ‘హమైకా’. నోట్లో వేసుకుంటే గోంగూర పులుపు! ఎర్ర గోంగూర కాయల చుట్టూ ఉండే తొడుగులే, ఇక్కడ వాటితో షర్బత్ చేసుకుంటారు. ఆత్రంగా ‘క్వాత్రో’ అన్నాను. ‘క్వాత్రో కీలోస్?’ అన్నాడతను. ‘సీ, సీ’ అని తలూపాను. దూదిలా తేలికైన సరుకు, సంచి మీద సంచి నింపుతూనే ఉన్నాడు. మూడో సంచి తీశాక తట్టింది. నాకు కావాల్సింది ‘క్వార్తో’, పావు కిలో. ర ఒక అక్షరం అటు జరిగితే పదహారు రెట్లు. ‘పెర్దోన్, పెర్దోన్’ అంటూ వేళ్ళతో సైగలు చేసి పావుకి దించాను. పాపం, విసుక్కోకుండా సంచులన్నీ మళ్ళీ గోనెలోకి ఒంపాడు.

వాటిని నానబెట్టి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి పచ్చడి నూరాను. మా ఆయన రెండో ముద్ద కలుపుతూ, ఎంతకి కొన్నావని అడిగారు.

‘‘సెసెంత.’’

‘‘డెబ్భయ్యా?’’ అన్నారు.