జాజు రంగు వాగు

పిట్స్‌బర్గ్ వచ్చిన ఆరు వారాల్లో బాపు చూసినవి మూడే: మా అపార్ట్‌మెంట్, ఇండియన్ స్టోర్, పెన్‌హిల్స్ వేంకటేశ్వర స్వామి గుడి. నయాగరా పోదామంటే "నీళ్ళే గదా" అన్నాడు. గోదావరిఖనిలో తట్టా చెమ్మస్ (పార) పట్టి, బొగ్గు ఎత్తి నింపే కోల్ ఫిల్లర్‌గా మొదలుపెట్టి, ముప్పై ఏళ్ళు బాయిపని చేసిన మనిషి. ఆయనకు ఏం చూపించాలో తోచక, ఒక అక్టోబర్ శనివారం "మూతబడ్డ బొగ్గుబాయి ఒకటుంది, పోదామా బాపూ?" అన్నాను. పావుగంటలో మంకీ క్యాప్ పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఆ గని ఉన్న ఊరు వింటన్‌డేల్, మాకు తూర్పున, గంటన్నర దారి. గుడి క్యాంటీన్‌లో పులిహోర కట్టించుకుని బయల్దేరాం. కొండల మధ్య సిగ్నల్ పోయి, ఒకే చర్చి ముందు నుంచి రెండుసార్లు తిరిగాం. నాకు టెన్షన్, ఆయనకు నవ్వు. అయిదువందల జనాభా కూడా లేని ఊరది. పాత రైలు పట్టాలు తీసేసి వేసిన సైకిల్ బాట ఊళ్ళోంచే పోతుంది. దాని పేరు ఘోస్ట్ టౌన్ ట్రైల్. గనులు మూతబడి జనం ఖాళీ చేసిపోయిన ఊళ్ళ మీదుగా సాగుతుంది కాబట్టి ఆ పేరు.

బాట పక్కనే బ్లాక్‌లిక్ క్రీక్. పేరులో నలుపుంది గానీ, రాళ్ళన్నీ కాషాయం పూసినట్టున్నాయి. చేపలేదు, పాచి లేదు. బాపు ఒక పుల్ల తీసుకుని ఒడ్డున బురద కదిపాడు. పుల్ల చివర మెత్తగా, జారుడుగా అంటుకుంది. రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"జాజు లెక్కున్నదే బిడ్డా. మీ నాయనమ్మ పండక్కి గోడలకు పూసేది సూడు, అదే."

నిజంగా అదే. జాజులో ఉన్నదీ ఇనుము తుప్పే. ఈ చుట్టుపక్కల బొగ్గులో గంధకం, ఇనుము కలిసిన పైరైట్ ఎక్కువ. గని వదిలేశాక దానికి గాలీ నీరూ తగిలి ఆమ్లం పుడుతుంది. ఇనుము అందులో కరిగి బయటికొచ్చి, ఆరుబయట ఇలా పేరుకుంటుంది. ఇక్కడివాళ్ళు దాన్ని 'ఎల్లో బాయ్' అంటారని చెప్పాను.

"ఎల్లో బాయా? పసుపు బాయి. పేరు సరిగ్గనే పెట్టిన్రు."

ఆ పేరు అలా విప్పి చెప్పినవాళ్ళు పెన్సిల్వేనియాలో ఇంకెవరూ ఉండరు.

ఆయనకు అసలు మింగుడుపడనిది వేరే. మన గనుల నీళ్ళు ఊరి చెరువుల్లోకి, పొలాల్లోకి పోతాయి, శుద్ధి చేసి తాగుతారు కూడా. మరి ఇక్కడ ఇట్లెందుకు? గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ, అదీ మన అదృష్టం. మన దేశంలోనే మేఘాలయ బొగ్గులో ఎక్కువ. అక్కడ జైంతియా కొండల్లో లూఖా నది చలికాలంలో నీలం తిరిగిపోతుంది.

ఊరి అంచున గని ఆవరణ ఉండిన చోటే మేం చూడొచ్చిన పార్కు, గని నీళ్ళను శుభ్రం చేసే పార్కు. ముప్పై అయిదు ఎకరాలు. 1994లో టి. అలన్ కాంప్ అనే చరిత్రకారుడు మొదలుపెట్టిన పని. నీళ్ళ సంగతి ఇంజనీర్లకు వదిలేస్తే ఎవరికీ పట్టదని ఆయన నమ్మకం. అందుకే భూగర్భ జలాల నిపుణుడు, ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్, శిల్పి, ఊరివాళ్ళు కలిసి గీసిన ప్లాన్ ఇది. ఊరివాళ్ళకు ఆట స్థలం కావాలి, అదీ పెట్టారు. మొక్కలు నాటడానికి వాలంటీర్లు వచ్చారు.

"ఊరోళ్ళను పిలిచి అడిగిన్రా?" అని బాపు రెండుసార్లు అడిగాడు.

గని నీళ్ళు వరసగా ఆరు చెరువుల్లోంచి పోతాయి. మొదటిది ఆమ్లం మడుగు, తర్వాత తుంగ మొలిచిన మడులు, ఆ తర్వాత ఎరువు పొరలోంచి, సున్నపురాయిలోంచి కిందికి దిగే చెరువు, చివర తేటపడే చెరువు. మోటార్లు లేవు, పల్లమే పని చేస్తుంది. చెట్లు కూడా ఆ వరసలోనే నాటారు. ఆకురాలు కాలంలో మొదట ముదురు ఎరుపు, తర్వాత నారింజ, పసుపు, చివరికి వెండి కలిసిన ఆకుపచ్చ. బడిలో లిట్మస్ కాగితం గుర్తుందా, అలా. మేం వెళ్ళేసరికి ఎరుపు సగం రాలిపోయింది, మరో వారం ముందు రావాల్సింది.

అయినా వాగు మాత్రం ఎర్రగానే ఉంది. పార్కు శుభ్రం చేసేది ఒక గని ఊటను, వాగులో కలిసేవి ఇంకా ఉన్నాయి. ఆ పెద్ద ఊటల కోసం రాష్ట్ర పర్యావరణ శాఖ ఒక ట్రీట్‌మెంట్ ప్లాంట్ తలపెట్టింది. డబ్బు సంగతి బొగ్గు గనుల మీద అమెరికా తెచ్చిన 1977 చట్టం నుంచే మొదలవుతుంది. తవ్వే ప్రతి టన్నుకీ ఇంత అని కట్టించుకుని పాత గనులు బాగుచేయాలని, అప్పుడు పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్‌కి 35 సెంట్లు, భూగర్భ గనికి 15 సెంట్లు పెట్టారు. అంతకుముందు వదిలేసిపోయినవాళ్ళను పట్టుకోవడానికి ఎవరూ మిగల్లేదు.

కుక్కని తిప్పుతున్న ముసలాయన ఒకాయన మమ్మల్ని పలకరించాడు. వాళ్ళ తాత ఇక్కడి గనిలోనే చేశాడట. బాపు నా మోచేయి పట్టుకుని "సీమ్ ఎన్ని ఫీట్లో అడుగు" అన్నాడు. సీమ్ అంటే బొగ్గు పొర. అడిగాను. ఆయన అరచేతిని తన నడుం దగ్గర పెట్టి చూపించాడు. బాపు మొహం మారిపోయింది. తను పనిచేసిన బాయిలో నిలబడితే కప్పు అందదని చెయ్యి పైకెత్తి చూపించాడు. తర్వాత నా తర్జుమా వాళ్ళకు అక్కర్లేకపోయింది. కప్పుకి దుంగ ఎలా ఆనించాలో ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకున్నారు. నేను కుక్కను పట్టుకున్నాను.

ఆరో నంబర్ గని నోటిని మూసి, నున్నటి నల్ల గ్రానైట్ పలక పెట్టారు. షిఫ్టు దిగి బయటికొస్తున్న కార్మికులు దానిమీద మనిషెత్తున చెక్కి ఉన్నారు. 1938లో తీసిన హోమ్ మూవీ లోంచి తీసుకున్న బొమ్మలట. నేను ఫోటో తీస్తానంటే బాపు వద్దన్నాడు. పులిహోర కూడా అక్కడ తిననివ్వలేదు, కారు దగ్గరికొచ్చాకే పొట్లం విప్పాం.

రాత్రి ఖనికి ఫోన్ కలిపాడు, పాత దోస్తుకి. చెట్ల రంగులు, చెరువులు, గ్రానైట్ అన్నీ చెప్తాడనుకుని నేను వంటింట్లోంచి వింటున్నాను.

"అరే, ఈళ్ళు కూసోని తవ్విన్రురా. నడుం దాకనే సీమ్!"