సలేశ్వరం దారికి బూట్లు ఎంచుకున్న తీరు

చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలో సలేశ్వరం జాతర. రాంపూర్ చెంచుపెంట, అంటే చెంచుల గూడెం, దాటాక బండ్లు పోవు. అక్కడి నుంచి దాదాపు 5 కిలోమీటర్లు రాళ్ల దారిలో నడిచి లోయలోకి దిగితే లింగమయ్య గుడి, గుండం. ఏప్రిల్ ఎండ, నిలవని రాళ్లు, చివర నీళ్లు. ఈ మూడింటినీ తట్టుకునే బూట్ల కోసం హైదరాబాద్‌లో చాలా దుకాణాలు తిరిగాను.

ట్రెక్కింగ్‌కని అడిగితే ముందు చూపించేవి చీలమండ దాకా వచ్చే వాటర్‌ప్రూఫ్ బూట్లు. మంచుకొండలకైతే అవే కావాలి. మన ఎండకు మాత్రం నేను వద్దంటాను. నీళ్లను ఆపే ఆ పొర వల్ల లోపలి చెమట కూడా త్వరగా ఆరదు. నానిన చర్మం మెత్తబడి, కాస్త రాపిడికే బొబ్బలెక్కుతుంది. పైగా పైనుంచి ఒకసారి నీళ్లు దూరాయంటే ఆ రోజుకి ఇక ఆరవు. అందుకే జాలీ గుడ్డతో చేసిన తేలికపాటి ట్రైల్ షూస్ చూశాను. మడమకు పట్టీ ఉన్న శాండల్స్‌కి గాలి ఇంకా బాగా ఆడుతుంది, తారు రోడ్డు మీద నాకు అవే ఇష్టం. కానీ ముళ్లు, గులకరాళ్లు ఉన్న అడవి దారిలో వేళ్లకు రక్షణ కావాలి.

కొలత దగ్గర తొందరపడలేదు. నడకకు, వేడికి పాదం ఉబ్బుతుంది కాబట్టి సాయంత్రం పూట వెళ్లాను, అడవిలో వేసుకోబోయే సాక్సే తొడుక్కుని. రెండు కాళ్లకూ వేసి చూడాలి, ఒక పాదం కాస్త పెద్దగా ఉండటం మామూలే. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. తర్వాత లేసులు బిగించి దుకాణం మెట్లు దిగాను. ఒక జతలో వేళ్లు ముందుకు పోయి గుద్దుకున్నాయి. "వాడుతుంటే సాగుతయ్ అన్నా" అన్నాడు దుకాణం తమ్ముడు. తోలైతే కొంత సాగుతుందేమో, ఈ గుడ్డ అంతగా సాగదు. లోయ దిగేటప్పుడు గోళ్లు నల్లబడేది ఇలాంటి బూట్లతోనే, అందుకే అర సైజు పెంచాను. అరికాలు భాగం వేళ్ల మొదట్లో వంగుతోందా, నడుమన మడత పడుతోందా అని చేత్తో వంచి కూడా చూశాను. నడుమన మడత పడేది రాళ్ల మీద పనికిరాదు.

సాక్స్ విషయంలో మన అలవాటు మార్చుకోవాలి. ఎండాకాలం చొక్కాకి నూలు మంచిదే, సాక్స్‌కి మాత్రం కాదు. నూలు చెమటను పీల్చుకుని పట్టి ఉంచుతుంది. నేను పలచటి సింథటిక్ సాక్స్ వేసుకుని, ఇంకో జత సంచిలో పెట్టుకున్నాను.

దిగుడు మొదలయ్యే ముందు ఆగి లేసులు చీలమండ దగ్గర గట్టిగా, వేళ్ల దగ్గర వదులుగా మళ్లీ కట్టాను. మడమ కదల్లేదు, వేళ్లు ముందుకు జారలేదు. గుండం దగ్గర తడి బండల మీద మాత్రం ఏ బూటునూ నమ్మకండి. అక్కడ నేను చేతి ఆసరా దొరికిన చోటే అడుగు వేశాను.

ఇంటికొచ్చాక లోపలి అట్టలు తీసి బూట్లను నీడలో ఆరబెట్టాను. మండుటెండలో పెడితే అతుకుల జిగురు వదులుతుంది.