అమ్మ నాలుగు గంటల కాఫీ: ఇంట్లో డికాఫ్ డికాక్షన్ ప్రయత్నాలు

మే చివరి వారం

గుండె దడ, రాత్రి రెండింటి దాకా నిద్ర లేకపోవడం. డాక్టరు గారు అన్ని పరీక్షలూ చూసి అమ్మతో అన్నారు: "పొద్దున ఒక గ్లాసు తాగండమ్మా, మధ్యాహ్నం దాటాక మాత్రం వద్దు. మరీ ఉండలేకపోతే డికాఫ్, అంటే కెఫీన్ తీసేసిన కాఫీ, తాగండి." కాఫీలోని కెఫీన్ శరీరంలో సగానికి తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుందట. నాలుగింటికి తాగింది రాత్రి తొమ్మిదికి కూడా సగం మిగిలే ఉంటుందన్నమాట.

అమ్మ ఏమీ వాదించలేదు. కానీ నాలుగయ్యేసరికి వంటింట్లోకి వెళ్ళి, ఫిల్టర్ ఉన్న అర దగ్గర నిలబడి, వెనక్కి వచ్చి కూర్చుంటోంది. యాభై ఏళ్ళ అలవాటు. నాకు చూడబుద్ధి కాలేదు. ఆ నాలుగు గంటల గ్లాసు నేను తిరిగి ఇవ్వాలనుకున్నాను.

జూన్ మొదటి వారం

ముందు ఇన్‌స్టంట్ డికాఫ్ సీసా ఒకటి తెచ్చాను. రెండు గుక్కలు తాగి "కాఫీ కడిగిన నీళ్ళురా ఇవి" అంది. ఆ సీసా గురించి ఇంక రాయడానికేమీ లేదు.

తర్వాత పిన్ని ఫోన్‌లో ఒక చిట్కా చెప్పింది. మామూలు పొడితోనే మొదటి డికాక్షన్ తీసి పక్కన పెట్టేసి, అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోసి దించిన రెండో డికాక్షన్ వాడమంది, అందులో కెఫీన్ ఉండదని. చేసి చూశాను. కెఫీన్ వేడినీళ్ళలో త్వరగా కరుగుతుంది కాబట్టి రెండోసారి తక్కువ దిగే మాట నిజమే. అయితే రుచి, వాసన ఇచ్చేవి కూడా దానితో పాటే మొదటి డికాక్షన్‌లోకి దిగిపోతాయి. రెండో దాంట్లో మిగిలేది చేదు, రంగు. పైగా కెఫీన్ ఎంత మిగిలిందో కొలిచే సాధనం ఇంట్లో లేదు. గుండె దడ ఉన్న మనిషికి అలా అంచనా మీద పోయడం నాకు నచ్చలేదు. కెఫీన్ తీసేసిన గింజలే కొనాలని ఖాయం చేసుకున్నాను.

జూన్ మూడో వారం

మా బజారులో కాఫీ పొడి ఆడించే కొట్టులో డికాఫ్ అడిగితే లేదన్నారు. బావగారు బెంగళూరు నుంచి వస్తూ రెండు రకాలు 250 గ్రాముల చొప్పున తెచ్చారు. ఒక ప్యాకెట్టు మీద కెఫీన్ ఏ పద్ధతిలో తీశారో, ఎప్పుడు వేయించారో రాయలేదు. రెండో దాని మీద రెండూ ఉన్నాయి: నీటి పద్ధతి, వేయించి పది రోజులు.

"మందు పోసి తీస్తారా ఏంటి?" అని అమ్మ అడిగింది. ఆ ప్రశ్న కోసమే కొంత చదివాను. కెఫీన్ తీసేది ఎప్పుడూ పచ్చి గింజలోంచే, వేయించక ముందే. 1906లో జర్మనీలోని బ్రెమెన్‌లో లుడ్విగ్ రోసేలియస్ కాఫీ హాగ్ కంపెనీ పెట్టినప్పుడు బెంజీన్ వాడారు. అది విషపదార్థమని తేలాక మానేశారు. ఇప్పుడు వాడేవి ప్రధానంగా నాలుగు: మిథిలీన్ క్లోరైడ్, ఇథైల్ అసిటేట్, అధిక పీడనంలో ఉంచిన కార్బన్ డయాక్సైడ్, ఉత్త నీళ్ళు. మిథిలీన్ క్లోరైడ్ దాదాపు 40 డిగ్రీలకే మరిగిపోతుంది, గింజ వేగేది 200 డిగ్రీలు దాటాక, కాబట్టి చివరికి మిగిలేది చాలా తక్కువ. అయినా నీటి పద్ధతి అమ్మకి సులువుగా అర్థమైంది. కాఫీ రుచులన్నీ ముందే నిండా కరిగి ఉన్న నీళ్ళలో గింజల్ని నానబెడతారు. ఆ నీళ్ళు గింజలోంచి ఇంక రుచిని తీసుకోలేవు, కెఫీన్‌ని మాత్రం లాగుతాయి. దాన్ని బొగ్గు వడపోతలో పట్టేస్తారు. "అయితే నాకు ఆ కాఫీయే పొయ్యి" అంది.

జూన్ చివర: ఫిల్టర్ మూసుకుపోయింది

రోజూ చేసినట్టే చేశాను. పై గిన్నెలో 30 గ్రాముల డికాఫ్ పొడి వేసి, గొడుగు ప్లేటుతో అదిమి, మరుగుతున్న నీళ్ళు 160 మిల్లీలీటర్లు పోశాను. మామూలు పొడికి అరగంటలో దిగే డికాక్షన్ గంటన్నరైనా దిగలేదు. కిందికి వచ్చిన కాస్తా చేదు.

మూడు రోజులు ఇదే వరస. నాలుగో రోజు పొడిని మైదా జల్లెడలో జల్లించి చూశాను. నా చేతి గ్రైండర్‌లో అదే 12వ క్లిక్కు (పొడి ఎంత సన్నగా రావాలో సర్దుకునే మెట్టు) మీద ఆడిస్తే మామూలు గింజలో 2 గ్రాముల దుమ్ము వచ్చింది, డికాఫ్ గింజలో దాదాపు 5 గ్రాములు. అప్పుడు విషయం తెలిసింది. పచ్చి గింజ ఒకసారి నాని మళ్ళీ ఎండుతుంది కాబట్టి డికాఫ్ గింజ పెళుసుగా ఉంటుంది. గ్రైండర్ పళ్ళ మధ్య పడగానే పొడిపొడిగా చిట్లుతుంది. ఆ దుమ్మే ఫిల్టర్ చిల్లుల్ని మూసేసి, నీళ్ళని పైనే నిలబెట్టి, పొడిలోని చేదంతా పిండుతోంది.

మార్చినవి ఇవి. పొడి గరుకుగా రావడానికి క్లిక్కు 12 నుంచి 15కి పెంచాను. పొడి వేళ్ళ మధ్య మెత్తటి ఉప్పు కన్నా గరుకుగా, బొంబాయి రవ్వ కన్నా సన్నగా తగలాలి. ప్లేటుని అదమడం మానేశాను, ఊరికే పొడి మీద ఆనిస్తున్నానంతే. నీళ్ళు ఒకేసారి పోయకుండా ముందు 40 మిల్లీలీటర్లు పోసి అర నిమిషం ఆగి, మిగతా 120 నెమ్మదిగా పోస్తున్నాను. నీళ్ళు మరిగాక పొయ్యి ఆపి ఒక నిమిషం చల్లారనిస్తున్నాను. డికాఫ్ పచ్చి గింజ ముందే గోధుమ రంగులో ఉంటుంది, వేయించాక నూనె కూడా తొందరగా పైకి తేలుతుంది. అలా వేగిన పొడి మీద సలసల కాగే నీళ్ళు పోస్తే మాడు రుచి వస్తోంది.

ఇంకొకటి. తాజా పొడి మీద నీళ్ళు పడగానే బుసబుస పొంగుతుంది కదా, డికాఫ్ అంత పొంగదు. మొదట పొడి పాతదేమోనని టెన్షన్ పడ్డాను. వేయించి పది రోజులైన ప్యాకెట్టులోనూ అంతే. దాని తీరే అది.

25 నిమిషాల్లో 100 మిల్లీలీటర్ల డికాక్షన్ దిగింది. మిగతా 60 పొడి పీల్చుకుంటుంది.

జూలై

రుచి కుదిరింది కానీ పాలు కలిపితే పలచన. అమ్మ వాడే మాట "ఒళ్ళు లేదు". ఇక్కడే చికోరీ పనికొచ్చింది. చికోరీ ఒక మొక్క వేరు, అందులో కెఫీన్ అసలు లేదు. విడిగా చికోరీ పొడి కొని నేనే కలుపుకున్నాను. 20 శాతం వేస్తే మళ్ళీ ఫిల్టర్ నెమ్మదించింది, తీపి వాసన మొత్తం కాఫీని మింగేసింది. 10 శాతం దగ్గర ఆగాను: 27 గ్రాముల డికాఫ్, 3 గ్రాముల చికోరీ. ఒక్కో గ్లాసుకి 50 మిల్లీలీటర్ల డికాక్షన్, 100 మిల్లీలీటర్ల గేదె పాలు. డికాక్షన్‌ని పొయ్యి మీద పెట్టను. చల్లారితే గిన్నెని వేడినీళ్ళలో ఉంచుతాను.

డాక్టరు గారికి చూపించడానికి లెక్క వేశాను. అరబికా గింజలో కెఫీన్ సుమారు 1.2 శాతం. 27 గ్రాముల మామూలు పొడిలో దాదాపు 324 మిల్లీగ్రాములు. ప్యాకెట్టు మీద 97 శాతం తీసేశామని ఉంది, అంటే మిగిలేది 10. రెండు గ్లాసులకి పంచితే ఒక్కోదానికి మహా అయితే 5 మిల్లీగ్రాములు. సున్నా కాదు. ఆయన చూసి పర్వాలేదన్నారు, రోజుకి ఒక్కటే అని గీత గీశారు. డికాఫ్ కూడా కడుపులో యాసిడ్ పెంచుతుందట, అందుకని అమ్మకి ముందు గుప్పెడు మరమరాలు పెడుతున్నాను.

ఆగస్టు మొదటి ఆదివారం

పొద్దున గ్లాసుకి బదులు రెండు అర గ్లాసులు ఇచ్చాను, ఒకటి మామూలుది, ఒకటి డికాఫ్. ఏది ఏదో చెప్పలేదు. అమ్మ రెండూ తాగి, ఎడమ చేతి వైపుది డికాఫ్ అని తేల్చింది. "దీని వాసన ముందు బాగా వచ్చి వెంటనే పోయిందిరా. అది ఇంకా నోట్లో ఉంది" అంది.

సరిగ్గా చెప్పింది. ఆ మాట పట్టుకునే ఇప్పుడు ఇంకో మార్పు చేశాను. పొద్దున తీసిన డికాక్షన్ సాయంత్రానికి దాచడం మానేశాను. మూడుంపావుకి గింజ ఆడించి, మూడున్నరకి నీళ్ళు పోస్తే, నాలుగింటికి కలపడానికి సరిపోతుంది. వాసన పోకముందే గ్లాసు అమ్మ చేతిలో ఉంటుంది. ఈ వారమంతా గ్లాసు అడుగు దాకా తాగింది. రాత్రి పదిన్నరకల్లా నిద్రపోతోంది.

తేలనిది గింజల నిలవ. ప్యాకెట్టు విప్పిన మూడో వారానికి రుచి అట్టముక్కలా అవుతోంది, ఈ వానాకాలం తేమలో ఇంకా తొందరగా. ఈసారి వచ్చిన 250 గ్రాముల్ని ఐదు చిన్న డబ్బాల్లో 50 గ్రాముల చొప్పున గాలి చొరకుండా సర్ది, నాలుగు ఫ్రీజర్‌లో పెట్టాను. బయటికి తీసిన డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు, లేకపోతే గింజల మీద చెమ్మ పడుతుంది. మొదటి డబ్బా నిన్నటితో అయిపోయింది. రెండోది రాత్రే బయట పెట్టాను.